కలం, సిరా, సంతకం

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం మన కార్యదర్శిగారు ఇంటికొచ్చి, "డిసెంబరు 17 సభలో మీరు అరగంట మాట్లాడాలండీ" అన్నారు. కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడటానికి నాకంటే తెలిసినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. "నాకేం తెలుసని మాట్లాడనయ్యా?" అన్నాను. లోపల్నుంచి మా ఆవిడ, "ముప్పై అయిదేళ్ళు కలం పట్టుకున్నారుగా, ఆ కలం గురించే చెప్పండి" అంది. వేళాకోళానికే అందిగాని, ఆలోచిస్తే నిజమే అనిపించింది. నేను 1974లో గుమాస్తాగా చేరాను. 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. నాకు బాగా తెలిసిన వస్తువు ఏదైనా ఉంటే అది ఇంకు పెన్నే. కాబట్టి ఇవాళ దాని గురించి, దానితో పెట్టే సంతకం గురించి నాలుగు మాటలు చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

ఇవాళ్టి రోజు ఎందుకు ముఖ్యమైనదో మీకు తెలుసు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. మంచిదే. హక్కు కోర్టు ఇచ్చింది. అయితే ఆ హక్కు మన గుమ్మం దాటి లోపలికి రావాలంటే కాగితం కావాలి. ఆ కాగితం మీద సంతకం కావాలి. ఆ సంతకం నిలవాలి. నా మాటల సారాంశం ఈ మూడు వాక్యాలే.

నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చినప్పుడు మా మేనమామ నన్ను రాజమండ్రి తీసుకెళ్ళాడు. చొక్కా గుడ్డ కొంటాడనుకున్నాను. ఆయన తిన్నగా పెన్నుల షాపుకి తీసుకుపోయి, "సర్కారు కాగితం మీద పెట్టే మొదటి సంతకం అరువు కలంతో పెట్టకూడదురా" అని ఒక నల్లటి ఎబొనైటు పెన్ను కొనిపెట్టాడు. బంగారం పాళీ కాదు, మామూలు ఉక్కు పాళీ. నా మొదటి జీతంలో దాని ఖరీదు ఒక పూట సంత సరుకుపాటి కూడా ఉండదు. అయినా జేబుకి పెట్టుకున్నాక నేనూ ఒక ఉద్యోగస్తుణ్ణే అనిపించింది.

ఇక్కడ కుర్రవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. మన రాజమండ్రి పెన్నుల ఊరు. కోసూరి వెంకటరత్నంగారు 1932లో అక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. విదేశీ వస్తువులు వదిలి స్వదేశీ పట్టుకోమన్న గాంధీగారి పిలుపే దానికి మూలం. ఆయన చేసిన పెన్ను ఒకటి జె.సి. కుమారప్పగారి ద్వారా గాంధీగారికి చేరింది. దాన్ని తాను వాడి చూశాననీ, విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొస్తుందనీ గాంధీగారు 1935 జూలై 16న వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఆ తర్వాత అదే ఊళ్ళో గైడరు వంటి పెన్నులూ పుట్టాయి. హైదరాబాదు వాళ్ళకు ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్సు ఎలాగో, గోదావరి జిల్లాల గుమాస్తాలకు రాజమండ్రి అలాగ.

ఎబొనైటు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. రబ్బరులో గంధకం బాగా ఎక్కువగా కలిపి వేడి మీద ఉడికిస్తే అది కర్రలాగా గట్టిపడుతుంది. ఆ కడ్డీని లేతు మీద తిప్పి, తొలిచి, మరలు కోసి పెన్ను చేస్తారు. కొత్త పెన్ను మూత తీస్తే వచ్చే ఆ ఘాటు వాసన గంధకానిదే. దాని గుణం ఏమిటంటే, పుల్లటి సిరా పోసినా అది తినేసుకుపోదు. పాళీ కింద ఉండే నాలుక కూడా ఎబొనైటుదే అయితే సిరా దాన్ని చక్కగా అంటుకుని సమంగా దిగుతుంది. లోపల రబ్బరు తిత్తి లేదు, పిస్టన్ లేదు. మర విప్పి సిరాబుడ్డిలోంచి డ్రాపరుతో నేరుగా గొట్టంలో పోసుకోవడమే. పాడైపోయే భాగం లేదు కాబట్టే చవక. చవక కాబట్టే గుమాస్తా జేబులోకి వచ్చింది.

అయితే దానికీ ఒక జబ్బుంది. సిరా సగానికి దిగాక చేతి వెచ్చదనానికి లోపలి గాలి వ్యాకోచించి, పాళీ నుంచి బొట్టు జారుతుంది. సరిగ్గా ఫెయిర్ కాపీ చివరి వాక్యం మీద జారుతుంది. ఆ పేజీ అంతా మళ్ళీ రాయాలి. అందుకే అనుభవజ్ఞులు పెన్ను సగమయ్యేదాకా ఆగరు, పొద్దున్నే నింపుకుని వస్తారు. ఈ రహస్యం నాకు మా హెడ్ గుమాస్తాగారు చెప్పడానికి మూడు చొక్కాలు బలయ్యాయి.

ఆ రోజుల్లో ఆఫీసులో సిరా రంగు చూసి మనిషి హోదా చెప్పొచ్చు. నోటు రాసే గుమాస్తాది నీలం. పొట్టి సంతకం పెట్టి పైకి పంపే సూపరింటెండెంటుది బ్లూ బ్లాక్. గెజిటెడ్ అధికారిది ఆకుపచ్చ. బాల్ పెన్ను సంతకమైతే మా హెడ్ గుమాస్తాగారు కాగితం వెనక్కి తోసేవారు. "అది కలం కాదు, కడ్డీ" అనేవారు. 1980లు గడిచేసరికి తెల్ల ఒంటికి నీలం మూతతో రేనాల్డ్స్ పెన్నులు ప్రతి జేబులోకీ వచ్చేశాయి. అప్పటికి ఆయన రిటైరయ్యారు. ఆయన అదృష్టవంతుడు.

ఇంకో సంప్రదాయం మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరైనా "ఒక్కసారి పెన్ను ఇస్తారా" అంటే మూత మన చేతిలో ఉంచుకుని పెన్ను మాత్రమే ఇచ్చేవాళ్ళం. మూత లేని పెన్ను ఎవడి జేబులోకీ వెళ్ళదు కదా! (నవ్వులు) మీరంతా నవ్వుతున్నారంటే మీరంతా ఆ పని చేసినవాళ్ళే.

ఇక సిరా సంగతి. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడుంది.

మన పాత కరణాలు కరక్కాయ సిరా వాడేవారు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లటి సిరా తయారవుతుంది. అన్నభేది అంటే ఇనుము నుంచి వచ్చే లవణం. కరక్కాయలోని వగరుకు ఇనుము కలిసి, గాలి తగిలి, కాగితం పోగుల్లోనే నల్లగా బిగుసుకుపోతుంది. పడమటి దేశాల్లో కరక్కాయకు బదులు మాచికాయ వాడారు. సూత్రం ఒక్కటే. పాత బ్లూ బ్లాక్ సిరా ఈ జాతిదే. రాసేటప్పుడు వెంటనే కనపడటానికి అందులో కొంచెం నీలం రంగు వేసేవారు. రాసినప్పుడు నీలంగా ఉండి, రోజులు గడిచేకొద్దీ నల్లబడేది. నీళ్ళు పడితే పైనున్న నీలం పోతుందిగాని, కింద నలుపు పోదు.

రాయల్ బ్లూ అలా కాదు. అది ఉత్త రంగునీళ్ళు. చూపుకి ముచ్చటగా ఉంటుంది. బట్ట మీద పడితే ఉతికితే పోతుంది. సీసా మీద చిన్న అక్షరాలతో 'వాషబుల్' అని రాసి ఉండేది. అది పిల్లల తల్లులకు మంచి కబురు. దస్తావేజుకు మాత్రం కాదు. ఈ తేడా నాకు తెలియక కాదు, తెలిసే తప్పు చేశాను. ఎందుకంటే బ్లూ బ్లాక్ సిరా పుల్లటిది. ఎబొనైటును ఏమీ చెయ్యదుగాని చవక ఉక్కు పాళీని కొరికేస్తుంది. రెండు రోజులు రాయకపోతే నాలుకలో గడ్డకడుతుంది. ఏడాదికి రెండు పాళీలు మార్చవలసి వచ్చేది. పాళీ ఖర్చు చూసుకుని, కడుక్కునే బాధ చూసుకుని, నేను రాయల్ బ్లూకి మారాను. ఆఫీసు పని అంతా దానితోనే చేసేవాణ్ణి.

అప్పుడు నేను గోదావరి పాయ పక్కన ఒక చిన్న ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు చూస్తున్నాను. అక్కడ ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చదువు లేదు. ఉద్యోగంలో చేరిన నాడు సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో అయిదు వేళ్ళ ముద్రలు వేసినవాడు. 1978 అక్టోబరు 2న దేశమంతటా వయోజన విద్య కార్యక్రమం మొదలైంది, మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళ పేటలో కూడా రాత్రి బడి పెట్టారు. ఆయన ఆ బడికి వెళ్ళి, మూడు నెలల్లో తన పేరు రాయడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక జీతం అక్విటెన్సులో వేలిముద్ర వెయ్యడానికి ఒప్పుకోలేదు. వెనక నలుగురు నిలబడి విసుక్కుంటున్నా సరే, ఒక్కొక్క అక్షరం కొలిచినట్టు రాసి, పైకెత్తి చూసుకుని అప్పుడు డబ్బు తీసుకునేవాడు.

1981లో ఆయనకు నామినేషను రాయించాను. జి.పి.ఎఫ్., గ్రాట్యుటీ భార్య పేరున. ఆవిడకు రేషను కార్డులో ఒక పేరు, ఊళ్ళో పిలిచే పేరు మరొకటి. అందుకని రెండు పేర్లూ కలిపి జాగ్రత్తగా రాశాను. స్టాంపు ప్యాడు ముందుకు జరపబోతే, "సంతకం పెడతానండీ బాబూ" అన్నాడు. నా పెన్ను ఇచ్చాను. అలవాటు ప్రకారం మూత నా చేతిలోనే ఉంచుకున్నాను. ఆయన నిదానంగా సంతకం పెట్టాడు. అధికారిగారు పక్కన ఆకుపచ్చ సిరాతో ధ్రువీకరించారు. ఆ కాగితం సర్వీసు రిజిస్టరులో అంటించాం.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మన తరంవాళ్ళెవరూ మరిచిపోలేరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఆఫీసులోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. బీరువా కింది అరల్లో ఉన్న రిజిస్టర్లు నాలుగు రోజులు నీళ్ళలో నానాయి. నీళ్ళు తీశాక వాటిని డాబా మీద పరిచి, ఒక్కొక్క పేజీ విడదీసి ఆరబెట్టాం. అప్పుడు చూశాను. ముప్పై ఏళ్ళ నాటి గుమాస్తా ఎవరో బ్లూ బ్లాక్‌తో రాసిన ఎంట్రీలు బురద కింద నల్లగా నిలిచి ఉన్నాయి. నేను అయిదేళ్ళ క్రితం రాసిన పేజీలు లేత నీలం మబ్బుల్లా ఉన్నాయి. అటెండరు రిజిస్టరు తీశాను. మొదటి పేజీలో, చేరిన నాడు అచ్చు సిరాతో వేసిన అయిదు వేళ్ళ ముద్రలు చెక్కుచెదరలేదు. నామినేషను కాగితం మీద మాత్రం నీలం మరక ఒకటి, దాని పక్కన ఆకుపచ్చ మరక ఒకటి. అంతే. ఆయన అంత ముచ్చటపడి పెట్టిన సంతకం లేదు.

అధికారిగారు వెంటనే పాడైన కాగితాల జాబితా తయారు చేయించి, అందరి దగ్గరా కొత్త నామినేషన్లు తీసుకోమన్నారు. పదకొండు మంది. పదిమందివి ఆ వారంలోనే తీసుకున్నాను. అటెండరు ఆ వారం సెలవులో ఉన్నాడు. వరదలో పడిపోయిన ఇల్లు లేవదీసుకుంటున్నాడు. వచ్చాక రాయిద్దాంలే అనుకున్నాను. వచ్చాడు. రోజూ నా బల్ల ముందే తిరిగాడు. రోజూ నాకు టీ తెచ్చి ఇచ్చాడు. నేను రాయించలేదు. జాబితాలో పదకొండో పేరు దగ్గర టిక్కు పెట్టకుండానే ఆ కాగితం ఏదో ఫైలులో కలిసిపోయింది.

1988లో ఆయన ఉద్యోగంలో ఉండగానే పోయాడు. రాత్రి గుండెనొప్పి వచ్చింది, తెల్లారేసరికి లేడు.

నామినేషను ఉంటే నెలా రెండు నెలల్లో అయ్యే పని. లేకపోయేసరికి వారసుల ధ్రువపత్రం కావాలన్నారు. ధ్రువపత్రానికి వెళితే రెండు పేర్లూ ఒకరివేనని రుజువేమిటన్నారు. ఆ రుజువు కోసం విచారణ. ఆ విచారణకు నోటీసు. పద్నాలుగు నెలలు పట్టింది. ఎవర్నీ తప్పుపట్టలేం, రూలు ప్రకారం ఎవరి ప్రశ్న వాళ్ళు అడిగారు. రూలు లేకపోవడం వల్ల వచ్చిన ఆలస్యం కాదది. నా పెన్నులో సిరా వల్లా, నా బద్ధకం వల్లా వచ్చిన ఆలస్యం.

ఆవిడ నెలకోసారి ఆఫీసుకు వచ్చేది. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "ఆయన సంతకం మీ పెన్నుతోనే ఎట్టారంట కదండీ బాబూ. ఇంటికొచ్చి సెప్పేరు. ఆ కాయితం ఉంటే సాలంట కదా, ఓపాలి సూసి పెట్టండి" అంది. నేను బీరువా తీసి వెతుకుతున్నట్టు నటించాను. ఆ మరకలున్న కాగితం ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని ఆవిడకు చూపించే ధైర్యం లేకపోయింది.

ఆ పద్నాలుగు నెలల్లో ఆవిడ మేకలు అమ్ముకుంది. చెవుల కమ్మలు తాకట్టు పెట్టింది. పెద్ద పిల్లాడు ఏడో తరగతి మానేసి ఇటుకల బట్టీలో చేరాడు. తర్వాత డబ్బు వచ్చింది, ఫ్యామిలీ పెన్షను వచ్చింది, కమ్మలు విడిపించుకుంది. పిల్లాడు మాత్రం మళ్ళీ బడికి వెళ్ళలేదు. నన్నెవరూ మెమో అడగలేదు, సంజాయిషీ అడగలేదు. ఇన్నేళ్ళూ ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెప్పాను.

ఆ రోజు నుంచి నేను రాయల్ బ్లూ ముట్టలేదు. ఏడాదికి రెండు పాళీలు పోతే పోనిమ్మన్నాను. రిటైరయ్యేదాకా ప్రతి జనవరిలోనూ నా సీటులో ఉన్న సర్వీసు రిజిస్టర్లన్నీ తీసి నామినేషను పేజీ ఒక్కటైనా తిరగేసేవాణ్ణి. అంతకు మించి నేను చేయగలిగింది లేదు.

సరే, ఇప్పుడు మన సంగతి. మనం కాగితాలు రాసే వయసు దాటి, కాగితాల మీద సంతకాలు పెట్టే వయసులోకి వచ్చాం. నాకు తెలిసిన కొన్ని జాగ్రత్తలు చెబుతాను, పనికొస్తాయనుకుంటే తీసుకోండి.

మొదటిది సిరా. ఈ రోజుల్లో 'బ్లూ బ్లాక్' అని రాసి ఉన్న ప్రతి సీసా పాతకాలపు సిరా కాదు. చాలావాటిలో ఉన్నది ఉత్త రంగే. పేరు చూసి నమ్మకండి, పరీక్ష చేసుకోండి. ఒక కాగితం మీద సంతకం పెట్టి ఒకరోజు ఆగండి. తర్వాత దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, పది నిమిషాల తర్వాత అద్దండి. సంతకం చదవడానికి వస్తే ఆ సిరా పనికొస్తుంది. మరక మిగిలితే దాన్ని ఉత్తరాలు రాసుకోవడానికి ఉంచుకోండి. నిజం చెప్పాలంటే బాల్ పెన్ను సిరా నూనెది, నీళ్ళకు పోదు. మా హెడ్ గుమాస్తాగారు వింటే బాధపడతారుగాని, మంచి సిరా లేని ఇంకు పెన్ను కంటే బాల్ పెన్నే నయం. నేను చెప్పేది పెన్ను గొప్ప గురించి కాదు, సంతకం నిలవడం గురించి.

రెండోది పెన్ను. వేళ్ళ కీళ్ళు నొప్పులున్నవాళ్ళకు లావుపాటి, తేలికపాటి ఇంకు పెన్ను మంచిది. బాల్ పెన్నును నొక్కితేగాని రాయదు. ఇంకు పెన్ను పాళీ కాగితాన్ని తాకితే చాలు, నొక్కక్కర్లేదు. వణికే చేతికి అదే పెద్ద ఉపకారం. ఖరీదైనది అక్కర్లేదు, ఉక్కు పాళీ మీడియం సైజుది చాలు. నెలకోసారి చన్నీళ్ళతో కడగండి, వేడినీళ్ళు వద్దు. వారం రోజులు రాయకపోతే సిరా తీసేసి, కడిగి, ఆరబెట్టి పెట్టండి. జేబులో ఎప్పుడూ పాళీ పైకి ఉండాలి.

మూడోది, బయట సంతకం పెట్టేటప్పుడు మీ పెన్నే వాడండి. రాసింది వేడి తగిలితే మాయమయ్యే పెన్నులు ఇప్పుడు బజారులో ఉన్నాయి. అవి పిల్లలు తప్పులు దిద్దుకోవడానికి వచ్చాయి, మోసగాళ్ళ చేతికీ చిక్కాయి. ఎవరో సాయం చేస్తానని వచ్చి తన పెన్నుతో చెక్కు నింపి, సంతకం మాత్రం మిమ్మల్ని పెట్టమంటాడు. తర్వాత అతను రాసింది మాయమై, మీ సంతకం మిగులుతుంది. అప్పుడది ఖాళీ చెక్కు. కాబట్టి చెక్కు మొత్తం మీ పెన్నుతోనే నింపండి. అంకె తప్పు రాస్తే దిద్ది పక్కన సంతకం పెడితే పూర్వం చెల్లేది. ఇప్పుడు చెక్కు కాగితానికి బదులు దాని బొమ్మ బ్యాంకుల మధ్య తిరుగుతోంది, పేరుకో మొత్తానికో దిద్దుబాటు ఉంటే క్లియరింగులో తీసుకోరు. చించేసి కొత్తది రాయండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ ఫారం మీద సొంత కొడుకు అడిగినా సంతకం పెట్టవద్దు. కొడుకు చెడ్డవాడని కాదు, కాగితం ఎవరి చేతుల్లోకి పోతుందో తెలియదని.

నాలుగోది చేతి వణుకు. ఇది మనలో సగం మందికి ఉన్న బాధ. అయిదేళ్ళ క్రితం నా చెక్కు ఒకటి 'సంతకం తేడా' అని వెనక్కి వచ్చింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటరులో నా పాత సంతకం చూపించింది. అది నేను రిటైరైన ఏడాది పెట్టినది. చకచకా, కింద గీతతో, ఎంతో ధీమాగా ఉంది. నేను ఇవాళ పెట్టింది దాని తాతగారిలా ఉంది. (నవ్వులు) ముందు అవమానం అనిపించింది. నా సంతకం నాది కాదంటారా అని గొంతు పెంచాను కూడా. ఆ అమ్మాయి ఓపిగ్గా, "తాతగారూ, కొత్త నమూనా సంతకం ఇచ్చేయండి, ఇక ఇబ్బంది ఉండదు" అని ఫారం ఇచ్చింది. అయిదు నిమిషాల పని. మనలో చాలామంది ఆ అయిదు నిమిషాలకు నామోషీ పడి, పాత సంతకాన్ని అనుకరించడానికి ఇంట్లో అభ్యాసం చేస్తున్నారు. ఆ అవస్థ ఎందుకు? చెయ్యి మారింది కాబట్టి నమూనా మార్చుకోండి.

అసలు సంతకమే పెట్టలేని స్థితి వస్తే దానికీ దారి ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం జబ్బు వల్లనో వయసు వల్లనో సంతకం పెట్టలేని ఖాతాదారు బొటనవేలి ముద్ర, అదీ వీలుకాకపోతే కాలి వేలి ముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు దాన్ని గుర్తించాలి, వారిలో ఒకరు ఆ బ్యాంకు బాధ్యతగల అధికారి అయి ఉండాలి. సంతకం నేర్చినవాడికి వేలిముద్ర చిన్నతనమేమీ కాదు. నేను చెప్పిన అటెండరు రిజిస్టరులో చివరికి నిలిచింది వేలిముద్రే కదా. ఏటా ఇచ్చే జీవన ధ్రువీకరణకు కూడా 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టనివాళ్ళకు 2021 నవంబరు నుంచి ముఖం చూపించి పూర్తిచేసే వీలు కూడా కల్పించారు. మనవడి ఫోను ఉంటే చాలు.

అయిదోది, ఆఖరుది. ఇందాకటి నుంచీ చెప్పినవన్నీ మరిచిపోయినా ఇది మరవవద్దు. ఇవాళ ఇంటికి వెళ్ళాక ట్రంకు పెట్టె తీసి మీ పి.పి.ఓ. చూడండి. ఇద్దరూ కలిసి దిగిన ఫొటో ఉందా? మీ ఇల్లాలి పేరు ఆధారు కార్డులో ఉన్నట్టే ఉందా? ఆవిడ పుట్టిన తేదీ ఉందా? రేపు వయసును బట్టి ఆవిడకు వచ్చే అదనపు పింఛనుకు ఆ తేదీయే ఆధారం. బ్యాంకు ఖాతాలో నామినీ ఎవరు? ముప్పై ఏళ్ళ క్రితం పోయిన మీ అమ్మగారి పేరే ఉందా? ఆ కాగితం చదవడానికి వస్తోందా, సిరా వెలిసిపోయిందా? తేడా ఉంటే రేపే దరఖాస్తు రాయండి. మీరు బతికుండగా అది ఒక దరఖాస్తు. మీ తర్వాత అది విచారణ అవుతుంది. ఆవిడ ఏ వరండాలోనో స్తంభానికి ఆనుకుని కూర్చోవలసి వస్తుంది.

ఆ పని చేయడానికి మన కార్యదర్శిగారు నా మాట మన్నించి, హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల వేయించారు. పి.పి.ఓ. జిరాక్సు తెచ్చుకున్నవాళ్ళు అక్కడికి రండి. తేడాలు చూసి దరఖాస్తు నేను రాసిపెడతాను, సంతకం మీరు పెడుదురుగాని. మా మేనమామ కొన్న పెన్ను ఇదిగో, జేబులోనే ఉంది. పాళీ ఎన్నోసారి మార్చానో లెక్కలేదుగాని పెన్ను అదే. సిరా నీళ్ళు పోసి పరీక్ష చేసినదే.

అడిగినవాళ్ళకు పెన్ను ఇస్తాను. మూత కూడా ఇస్తాను.